రైతు, షెరీఫ్, కాంగ్రెస్ సభ్యుడు: తొలినాటి అమెరికన్ జీవితాన్ని హైదరాబాద్‌లో కూర్చుని తెలుగులో రాయడం ఎలా

మన వీధుల్లో ఎవరింటికి వెళ్లినా ఒక అమ్మాయో అబ్బాయో అమెరికాలో ఉంటున్నారు. వాళ్లు చదివే ఊరి పేరు అమ్మానాన్నలకి నోటికొచ్చు, అక్కడి చలి సంగతి తెలుసు, ఇంటద్దె ఎంతో తెలుసు. కానీ ఆ ఊరి పొలాలు రెండొందల ఏళ్ల కిందట ఎవరు దున్నారు, అప్పు తీర్చలేక ఎవరు జైలుకెళ్లారు, ఆ జైలు తాళాలు ఎవరి దగ్గర ఉండేవి అని తెలుసుకుందామంటే తెలుగులో దాదాపు ఏమీ దొరకదు. మన పుస్తకాలు వాషింగ్టన్, జెఫర్సన్, లింకన్ దగ్గరే ఆగిపోతాయి. ఆ దేశం మొదట్లో రోజువారీ ఎలా నడిచిందో తెలియాలంటే అధ్యక్షుల కంటే రెండో వరస మనుషుల్ని చూడాలని నేను గట్టిగా నమ్ముతాను. సొంత పొలం, జిల్లాలో షెరీఫ్ ఉద్యోగం, మధ్యలో ఒకట్రెండు సార్లు కాంగ్రెస్ (అంటే అమెరికా పార్లమెంటు) సభ్యత్వం, ఇలాంటి జీవితాలు ఆ రోజుల్లో చాలానే ఉన్నాయి. అందులో ఒకటి తీసుకుని పద్ధతిగా తెలుగులో ఎలా రాయాలో చెప్తాను. తెలుగు వికీపీడియా కోసం రాసినా, పత్రికకి పంపినా, మీ పిల్లలు ఉంటున్న ఊరి గురించి ఇంట్లోవాళ్లకి చెప్పడానికి రాసుకున్నా పద్ధతి ఇదే.

ఉదాహరణకి ఎబనీజర్ మాటూన్ అనే మనిషిని తీసుకుందాం. మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆమ్హర్స్ట్ ఊరివాడు. ఇప్పుడక్కడ పెద్ద యూనివర్సిటీ ఉంది, మన పిల్లలూ చాలామంది చదువుతున్నారు. 1755 ఆగస్టు 19న పుట్టాడు, 1843 సెప్టెంబర్ 11న పోయాడు. అంటే బ్రిటిష్ రాజు కింద పుట్టి, స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడి, కొత్త దేశంలో పదవులు చేసి, ఎనభై ఎనిమిదేళ్లు బతికాడు. ఇలాంటి నిండు జీవితం దొరికితే రాయడానికి చేతినిండా పని ఉంటుంది. మీరు వేరే మనిషిని ఎంచుకున్నా పరవాలేదు, కాకపోతే మొదటిసారి రాసేవాళ్లు న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాల (మసాచుసెట్స్, దాని చుట్టుపక్కల ఈశాన్య రాష్ట్రాలు) మనిషిని తీసుకోమని నా సలహా. ఆ ఊళ్లు కాగితాలు భద్రంగా దాచుకున్నాయి.

మొదటి మెట్టు అందరికీ తెలిసిందే. అమెరికా కాంగ్రెస్ సభ్యులందరి వివరాలతో అధికారికంగా నడిచే జీవిత చరిత్రల డైరెక్టరీ ఒకటి నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ఒక్కో మనిషికి ఒక్క పేరా ఉంటుంది. మాటూన్ గురించి చూస్తే డార్ట్‌మత్ కాలేజీలో 1776లో పట్టా, యుద్ధంలో సేవ, వ్యవసాయం, రాష్ట్ర శాసనసభ, తర్వాత రాష్ట్ర సెనేట్, హాంప్‌షైర్ కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఇరవై ఏళ్లు షెరీఫ్, 1801 నుంచి 1803 దాకా జెఫర్సన్ పార్టీకి పోటీ అయిన ఫెడరలిస్టు పార్టీ తరఫున కాంగ్రెస్ సభ్యుడు, ఇలా ఒక వరసలో సాగుతుంది. చాలామంది ఆ పేరాని తెలుగులోకి దించేసి పని అయిపోయిందనుకుంటారు. దయచేసి అలా చేయకండి. అది పదవుల జాబితా, మనిషి అందులో కనిపించడు. ఎన్నేళ్లు ఏ కుర్చీలో కూర్చున్నాడన్నది మొదలు మాత్రమే. ఆ కుర్చీలో కూర్చుని ఎవరింటి గుమ్మం ముందుకి వెళ్లాడు, ఏ కాగితం పట్టుకుని వెళ్లాడు, ఆ ఇంట్లోవాళ్లకి ఏమయింది అన్నది మీరు వెతకాల్సిన సంగతి.

ఆ పేరాని పక్కన పెట్టుకుని ఒక పెద్ద కాగితం మీద ఏడాదికో గీత గీయండి. ఎడమవైపు సంవత్సరాలు, పైన మూడు వరసలు: పొలం, జిల్లా, రాజధాని. ఏ ఏడాది ఎక్కడున్నాడో నింపండి. నింపుతుంటేనే ప్రశ్నలు పుడతాయి. మాటూన్ విషయంలో పుట్టే మొదటి ప్రశ్న ఏంటంటే, 1796లో షెరీఫ్ అయిన మనిషి 1801లో కాంగ్రెస్‌లో ఎలా కూర్చున్నాడు? మన దగ్గర ఇది కుదరని పని. రాజ్యాంగం 102వ అధికరణం కింద ప్రభుత్వంలో లాభదాయక పదవిలో ఉన్నవాడు, అది కేంద్రానిదైనా రాష్ట్రానిదైనా, పార్లమెంటు సభ్యుడిగా ఉండకూడదు. అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణంలో ఉన్న నిషేధం అమెరికా ప్రభుత్వం కింద ఉండే పదవులకే. షెరీఫ్ రాష్ట్రం నియమించిన మనిషి, కాబట్టి అడ్డు లేదు.

ఇక్కడితో ఆగకుండా 1780 నాటి మసాచుసెట్స్ రాజ్యాంగం కూడా తెరవండి. అది మొత్తం నెట్‌లో ఉంది. షెరీఫ్‌ని జనం ఎన్నుకోరు, గవర్నర్ తన కౌన్సిల్ సలహాతో నియమిస్తాడని అందులో ఉంటుంది. షెరీఫ్‌గా ఉన్నవాడు రాష్ట్ర శాసనసభలో గానీ సెనేట్‌లో గానీ కూర్చోకూడదని ఇంకోచోట ఉంటుంది. మీ కాగితం మీద 1795, 1796 దగ్గర రాష్ట్ర సెనేట్, ఆ వెంటనే షెరీఫ్ పదవి ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది. ఒక తలుపు మూసుకుంటేనే రెండోది తెరుచుకుంటుంది, కాంగ్రెస్ తలుపు మాత్రం తెరిచే ఉంది. ఇలాంటి సంగతి ఏ చిన్న జీవిత పరిచయంలోనూ ఉండదు, చట్టం పక్కన సంవత్సరాలు పెట్టి చూసుకుంటేనే బయటపడుతుంది.

పొలం గురించి రాయడం

రైతు అనేది ఆ పేరాల్లో ఒక్క ముక్కలో తేల్చేసే విషయం. మనం తేల్చకూడదు, ఎందుకంటే మిగతా పదవులన్నీ ఆ పొలం మీద నిలబడ్డవే. జీతాల మీద బతికే రాజకీయ నాయకుడు అప్పట్లో లేడు. కాంగ్రెస్ సభ్యుడికి 1789 చట్టం ప్రకారం సభ జరిగే రోజుకి 6 డాలర్లు, ప్రయాణానికి 20 మైళ్లకి 6 డాలర్లు ఇచ్చేవారు. సభ లేకపోతే ఇంటికే, పొలానికే. ఆమ్హర్స్ట్ ఉన్నది కనెక్టికట్ నది లోయలో. మొక్కజొన్న, రై, ఎండుగడ్డి, పశువులు, ఇవీ ఆ ప్రాంతపు వ్యవసాయం. పక్క ఊరు హాడ్లీలో లీవై డికిన్సన్ అనే రైతు 1797లో చీపురుజొన్న వేయడం మొదలుపెడితే ఆ ఊరు తర్వాత చీపుర్లకి పేరు పడింది. మీ మనిషి పొలంలో ఏం పండిందో నేరుగా దొరక్కపోయినా ఊళ్లో ఏం పండేదో రాయొచ్చు, అయితే అది ఊరి సంగతి అని స్పష్టంగా చెప్పి రాయాలి. ఊరి పంటని తెచ్చి ఆయన పొలంలో నాటకండి.

నేరుగా దొరికేవి కూడా ఉన్నాయి. 1771లో మసాచుసెట్స్ ప్రభుత్వం పన్ను కోసం ఇంటింటి ఆస్తి లెక్క తీసింది: ఎకరాలు, ఎడ్లు, ఆవులు, గొర్రెలు, ధాన్యం. దాన్ని నెట్‌లో పెట్టారు, కొన్ని ఊళ్ల జాబితాలు మిగల్లేదు. మాటూన్‌కి అప్పటికి పదహారేళ్లు, కాబట్టి వెతకాల్సింది వాళ్ల నాన్న పేరుతో. మొదటి జనగణన 1790లో జరిగింది. అందులో ఇంటి పెద్ద పేరు ఒక్కటే రాస్తారు, మిగతావాళ్లు అంకెలు. మసాచుసెట్స్‌లో బానిసల గడి కింద ఆ ఏడాది సున్నా ఉంటుంది, ఈ సంగతి తప్పకుండా రాయండి, అదే సమయంలో దక్షిణాది కాంగ్రెస్ సభ్యుల పొలాలు ఎవరి చాకిరీతో నడిచేవో పాఠకుడికి గుర్తుకు రావాలి. 1798లో ఫెడరల్ ప్రభుత్వం ఇళ్ల మీద, భూమి మీద పన్ను వేసినప్పుడు ఇంటి కొలతలు, అంతస్తులు, కిటికీల సంఖ్య కూడా రాసుకున్నారు. మీ మనిషి ఇల్లు ఆ జాబితాలో దొరికితే ఒక్క వరసతో ఇల్లు కళ్లకి కట్టినట్టు రాయొచ్చు. జనగణన పేజీలు ఫ్యామిలీసెర్చ్ అనే సైట్లో ఉచిత ఖాతా తెరిచి చూడొచ్చు.

షెరీఫ్ అంటే ఎవరో పాఠకుడికి చెప్పడం

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి. మన పాఠకుడి మనసులో రెండు బొమ్మలుంటాయి. ఒకటి సినిమాల్లో నక్షత్రం బిళ్ల పెట్టుకుని గుర్రం మీద తిరిగే షెరీఫ్, రెండోది పెద్దవాళ్లకి తెలిసిన మద్రాసు షెరీఫ్, అది గౌరవ పదవి. మాటూన్ ఈ రెండూ కాదు. హైదరాబాద్ కొత్వాల్‌తో పోల్చినా తప్పుదారి పడుతుంది, కొత్వాల్‌కి పోలీసు బలగం ఉండేది. అప్పటి మసాచుసెట్స్ కౌంటీలో మనం అనుకునే పోలీసు శాఖే లేదు. షెరీఫ్ ప్రధానంగా కోర్టు మనిషి. సమన్లు అందజేయడం, అప్పు దావాలో ఆస్తి జప్తు చేయడం, తీర్పు వచ్చాక భూమి, పశువులు వేలం వేయడం, అప్పు కట్టలేనివాణ్ని తెచ్చి జైల్లో పెట్టడం, ఆ జైలు నడపడం, కోర్టు కూర్చున్నప్పుడు హాజరై క్రమం తప్పకుండా చూడడం, ఆఖరికి ఉరిశిక్ష పడితే అది అమలు చేయడం. మన సివిల్ కోర్టు అమీను, జైలు సూపరింటెండెంటు ఒకే మనిషిలో ఉంటే ఎలా ఉంటుందో అలా. కింద డిప్యూటీలు ఉండేవారు. షెరీఫ్ పూచీకత్తు ఇచ్చి ఈ ఉద్యోగంలో చేరాలి, పనికింత అని ఫీజు తీసుకోవాలి. అప్పు కింద జైల్లో ఉన్నవాడు పారిపోతే ఆ అప్పు షెరీఫ్ మెడకి చుట్టుకునే ప్రమాదం కూడా ఉండేది.

ఇది రాశాక పాఠకుణ్ని పదేళ్లు వెనక్కి తీసుకెళ్లండి. యుద్ధం ముగిసింది, పన్నులు పెరిగాయి, అవి నాణేల్లోనే కట్టమన్నారు, రైతుల దగ్గర నాణేలు లేవు. దావాలు, జప్తులు. 1786 ఆగస్టు 29న వందలాది మంది హాంప్‌షైర్ కౌంటీ కేంద్రం నార్తాంప్టన్‌లో కోర్టు ముందు గుమిగూడి కోర్టు కూర్చోనివ్వలేదు. ఆ తిరుగుబాటుకి పేరిచ్చిన డానియల్ షేస్ ఉండేది పెల్హమ్‌లో, ఆమ్హర్స్ట్‌కి పక్క ఊరు. అతనూ రైతే, అతనూ స్వాతంత్ర్య యుద్ధంలో సైనికాధికారే. 1787 జనవరి 25న స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం మీదికి వెళ్లినప్పుడు ఫిరంగులు పేల్చి చెదరగొట్టారు. పెద్దగా ఆలోచించక్కర్లేదు, పదేళ్ల తర్వాత అదే కౌంటీలో జప్తు కాగితాలు పట్టుకెళ్లే ఉద్యోగం మన రైతుకి వచ్చింది. ఇరుగుపొరుగు ఊళ్లలోని ఇద్దరు రైతులు, ఇద్దరు మాజీ సైనికులు, ఒకరు కోర్టు మూయించారు, ఇంకొకరు కోర్టు ఆజ్ఞలు నడిపించారు. జీవిత చరిత్ర రాసేవాళ్లు ఈ రెండు పొలాల్ని పక్కపక్కన చూపించగలిగితే అమెరికా మొదటి పాతికేళ్లు తెలుగు పాఠకుడికి బాగా అర్థమవుతాయి.

తర్వాత ఒకే ఒక్క సంఘటన ఎంచుకుని దాని దగ్గర ఆగండి. మాటూన్ జీవితంలో నేనైతే 1806 జూన్ 5 దగ్గర ఆగుతాను. ముందటేడాది నవంబర్‌లో మార్కస్ లయన్ అనే యువ రైతు విల్‌బ్రహామ్ దగ్గర రోడ్డు పక్కన శవమై దొరికాడు. ఆ దారిన బోస్టన్ నుంచి న్యూయార్క్ వైపు వెళ్తున్న ఇద్దరు ఐరిష్ కూలీల్ని, డొమినిక్ డేలీ, జేమ్స్ హాలిగన్‌లని, పట్టుకొచ్చారు. కేథలిక్కులు, వలస వచ్చినవాళ్లు, ఆ ప్రాంతంలో వాళ్లని నమ్మేవాళ్లు లేరు. నార్తాంప్టన్ జైల్లో నెలల తరబడి ఉంచి, విచారణకి రెండ్రోజుల ముందు మాత్రమే లాయర్లని ఇచ్చారు. 1806 ఏప్రిల్ 24న ఒక్క రోజులో విచారణ ముగిసింది. ముఖ్యమైన సాక్షి పదమూడేళ్ల కుర్రాడు. ఇద్దరికీ ఉరిశిక్ష వేశారు, దాన్ని అమలు చేసిన రోజే జూన్ 5. అప్పటి గవర్నర్ కేలబ్ స్ట్రాంగ్‌ది కూడా నార్తాంప్టనే.

ఉరి రోజున ఆ చిన్న ఊరికి 15,000 మంది వచ్చారని అంచనా. బోస్టన్ నుంచి ఫాదర్ షెవెరూస్ వచ్చి ఖైదీలకి తోడుగా నిలబడి, ప్రాణం పోవడాన్ని తమాషాగా చూడవచ్చిన జనాన్ని తన ప్రసంగంలో నిలదీశాడు. ఆయనే తర్వాత బోస్టన్‌కి మొదటి బిషప్ అయ్యాడు. ఆ శిక్ష అమలు చేసిన షెరీఫ్ మన మాటూన్, మిలీషియాలో, అంటే రాష్ట్ర పౌర సైన్యంలో, మేజర్ జనరల్ కూడా. 1984 మార్చిలో మసాచుసెట్స్ గవర్నర్ మైకేల్ డుకాకిస్ ఆ ఇద్దరూ నిర్దోషులని ప్రకటన చేశాడు. నూట డెబ్బై ఎనిమిదేళ్ల తర్వాత.

ఇది ఎలా రాయాలి? మాటూన్‌ని విలన్ చేయకండి. తీర్పు ఇచ్చింది ఆయన కాదు, ఉత్తర్వు మీద సంతకం ఆయనది కాదు. అలాగని ఈ రోజుని దాటేసి కాంగ్రెస్ సభ్యత్వం గురించి నాలుగు పేరాలు రాయడం అంతకంటే పెద్ద తప్పు. ఏం జరిగిందో వరసగా తేదీలతో రాయండి, ఆయన ఏ హోదాలో అక్కడున్నాడో చెప్పండి, ఆయన మనసులో ఏముందో ఊహించి రాయకండి. "బరువెక్కిన గుండెతో" లాంటి మాటలు మన తెలుగు జీవిత చరిత్రల్లో అలవాటుగా పడిపోతాయి. ఉత్తరమో డైరీయో చేతిలో ఉంటే తప్ప అవి వద్దు. ముఖ్యంగా డేలీ, హాలిగన్‌ల పేర్లు రాయండి. ఇద్దరు ఐరిష్ ఖైదీలు అని వదిలేయకండి. పరాయి ఊళ్లో భాష, మతం వేరైన కూలీలకి ఏమవుతుందో మన పాఠకులకి ఒకరు చెప్పక్కర్లేదు.

రాజధానిలో రెండేళ్లు

కాంగ్రెస్ భాగం త్వరగా ముగించొచ్చు, ఒక్క వారం తప్ప. శామ్యూల్ లైమన్ రాజీనామాతో ఖాళీ అయిన సీటుకి ఎన్నికై మాటూన్ 1801 ఫిబ్రవరి 2న సభ్యుడయ్యాడు. తొమ్మిది రోజులకే, ఫిబ్రవరి 11న, అమెరికా చరిత్రలో అతి పెద్ద టెన్షన్ పెట్టిన అధ్యక్ష ఎన్నిక ఆ సభ ముందుకే వచ్చింది. జెఫర్సన్‌కీ ఆరన్ బర్‌కీ చెరి 73 ఎలక్టొరల్ ఓట్లు (అధ్యక్షుణ్ని ఎన్నుకోడానికి రాష్ట్రాలు పంపే ప్రతినిధుల ఓట్లు). ప్రతినిధుల సభ తేల్చాలి, రాష్ట్రానికొక ఓటు, 16 రాష్ట్రాల్లో 9 కావాలి. ముప్పై అయిదు సార్లు ఓటేసినా జెఫర్సన్‌కి 8, బర్‌కి 6, రెండు రాష్ట్రాలు చీలిపోయి ఎటూ కాకుండా ఉన్నాయి. ఫిబ్రవరి 17న ముప్పై ఆరోసారి 10 రాష్ట్రాలతో జెఫర్సన్ గెలిచాడు. మసాచుసెట్స్ ఓటు చివరిదాకా బర్‌కే పడింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మసాచుసెట్స్ ఓటు బర్‌కి పడింది అనేది రికార్డు. "మాటూన్ బర్‌కి ఓటేశాడు" అనేది వేరే వాక్యం, దానికి వేరే ఆధారం కావాలి. ఆయన ఫెడరలిస్టు, ఆ రాష్ట్ర బృందంలో ఫెడరలిస్టులదే పైచేయి, ఇంతవరకే రాసి ఆపండి. తర్వాతి సభలో బిల్లుల మీద పేర్లు పిలిచి తీసుకున్న ఓట్లు హౌస్ జర్నల్‌లో, అంటే ప్రతినిధుల సభ అధికారిక రికార్డులో, పేరుపేరునా ఉంటాయి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్లో ఆ పేజీలు ఉన్నాయి, అక్కడ దొరికినవి మాత్రం ధైర్యంగా రాయొచ్చు. వాషింగ్టన్ నగరం గురించి ఒకట్రెండు వాక్యాలు చాలు: కాపిటల్ భవనంలో ఉత్తరపు భాగం ఒక్కటే పూర్తయింది, 1801 డిసెంబర్ నుంచి ప్రతినిధుల సభ ఒక తాత్కాలిక ఇటుక కట్టడంలో కూర్చుంది, దాన్ని సభ్యులు పొయ్యి అని పిలిచేవారు, చాలామంది సభ్యులు భోజనం పెట్టే అద్దె ఇళ్లలో గదులు పంచుకుని ఉండేవారు.

చాలామంది తడబడే చోట్లు

కౌంటీ సరిహద్దులు. ఇప్పటి మ్యాప్ తెరిస్తే విల్‌బ్రహామ్ ఉన్నది హాంప్‌డెన్ కౌంటీలో. మరి హాంప్‌షైర్ షెరీఫ్‌కి ఆ కేసుతో ఏం పని అని అనుమానం వస్తుంది. 1811లో ఫ్రాంక్లిన్, 1812లో హాంప్‌డెన్ విడిపోకముందు అదంతా హాంప్‌షైరే. 2016లో మన పది జిల్లాలు ముప్పై ఒకటి అయ్యాక పాత మెదక్ కాగితాల్లో సిద్దిపేట వెతుక్కుంటున్నట్టే ఇది. ఊళ్లకీ అంతే. మాటూన్ పుట్టేనాటికి ఆమ్హర్స్ట్ విడి ఊరు కాదు, హాడ్లీలో భాగం, 1759లో విడిపోయింది. కాబట్టి అంతకు ముందటి సంగతులు హాడ్లీ కాగితాల్లో చూడాలి.

పేర్లు. తండ్రి పేరే కొడుక్కి పెట్టడం అక్కడ మామూలు, ఈయన తండ్రి కూడా ఎబనీజరే. పేరు పక్కన జూనియర్ అని ఉంటే కొడుకే అనుకోకండి, ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరిలో చిన్నవాణ్ని కూడా అలా రాసేవారు. ఇంటిపేరు రాయడంలో ఒక అక్షరం ఎగిరిపోవడం, ఇంకొకటి చేరడం మామూలే, నాలుగైదు రకాలుగా వెతకండి. పాత అచ్చులో ఎస్ అక్షరం ఎఫ్ లాగా ఉంటుంది, కంప్యూటర్ వెతికేటప్పుడు దాన్ని ఎఫ్ అనే చదువుకుంటుంది, అలా కూడా ఒకసారి కొట్టి చూడండి.

తేదీలు. 1752కి ముందు పుట్టిన మనిషిని ఎంచుకుంటే క్యాలెండర్ మారిన గొడవ వస్తుంది. వాషింగ్టన్ పుట్టినరోజు పాత లెక్కలో 1731 ఫిబ్రవరి 11, కొత్త లెక్కలో 1732 ఫిబ్రవరి 22. మాటూన్‌కి ఆ బాధ లేదు. డబ్బు విషయంలో పౌండ్లు, షిల్లింగులు, డాలర్లు ఉన్నవి ఉన్నట్టే రాయండి. ఇప్పటి రూపాయల్లోకి మార్చి "ఇన్ని లక్షలు" అని రాయడం చూడ్డానికి బాగుంటుంది గానీ అందులో నిజం ఉండదు.

ముసలితనపు జ్ఞాపకాలు ఇంకో రకం. మాటూన్ యువకుడిగా ఫిరంగి దళంలో ఉండి 1777 అక్టోబర్ 7న సారటోగా యుద్ధం చూశాడు. సరిగ్గా అదే తేదీన 1835లో ఆ యుద్ధం గురించి ఒక పెద్ద ఉత్తరం పంపాడు. యాభై ఎనిమిదేళ్ల తర్వాత, చూపు కూడా పోయిన వయసులో. చదవడానికి చాలా బాగుంటుంది, కళ్లతో చూసినవాడి మాట కాబట్టి విలువైంది. కానీ అన్నేళ్లలో విన్నవి, చదివినవి, చూసినవి కలిసిపోతాయి. ఆ ఉత్తరంలోంచి ఏదైనా తీసుకుంటే "1835లో ఆయన గుర్తు చేసుకున్న ప్రకారం" అని ముందు పెట్టండి, ఆ ఒక్క ముక్కతో వాక్యం నిజాయితీగా నిలబడుతుంది.

హైదరాబాద్‌లో ఉండి ఎక్కడ వెతకాలి

నెట్‌లో దొరికేవి పైన చెప్పాను. వాటికి తోడు అమెరికా జాతీయ ఆర్కైవ్స్ నడిపే ఫౌండర్స్ ఆన్‌లైన్‌లో వాషింగ్టన్, ఆడమ్స్, జెఫర్సన్ లాంటివాళ్ల ఉత్తరాలు ఉచితంగా చదవొచ్చు, మీ మనిషి పేరు అందులో ఒకసారి కొట్టండి. పాత కౌంటీ చరిత్రలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ చేసి ఉంటాయి. వాటిలో పొగడ్త ఎక్కువ, కానీ ఊళ్ల పేర్లు, చుట్టరికాలు బాగా దొరుకుతాయి. పుస్తకం చేతిలో పట్టుకుని చదవాలనుకునేవాళ్లకి మన ఊళ్లోనే ఒక చోటుంది. 1964లో ఉస్మానియా క్యాంపస్‌లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ పెట్టారు, ఆ రోజుల్లో ఆసియా దేశాల నుంచి పరిశోధకులు ఇక్కడికి వచ్చి చదువుకునేవారు, ఇప్పుడది యూనివర్సిటీ అంతర్జాతీయ కార్యక్రమాల కేంద్రం. వెళ్లేముందు బయటివాళ్లని చదవనిచ్చే వేళలు కనుక్కుని, యూనివర్సిటీతో సంబంధం లేనివాళ్లయితే ఎవరైనా అధ్యాపకుల దగ్గర పరిచయ లేఖ తీసుకుని వెళ్లండి.

స్థలం పత్రాలు, వీలునామాలు లాంటివి మాత్రం అక్కడి ఆఫీసుల్ని అడగాల్సిందే. ఆమ్హర్స్ట్‌లో జోన్స్ లైబ్రరీకి ఊరి చరిత్ర కోసం ప్రత్యేక విభాగం ఉంది. ఇలాంటి చోట్లకి ఈమెయిల్ రాస్తే ఓపిగ్గా జవాబిస్తారు, అడిగే పద్ధతి తెలిసుండాలి. "మాటూన్ గురించి మీ దగ్గర ఉన్నదంతా పంపండి" అని రాయొద్దు. ఒక ఉత్తరంలో ఒకే ప్రశ్న, అదీ ఏడాదితో సహా: ఫలానా ఏడాది పన్ను జాబితాలో ఈ పేరు ఉందా, ఉంటే ఆ పేజీ ఫోటో పంపగలరా, దానికి ఫీజు ఎంత. ఫోన్ చేయాలంటే వాళ్ల పొద్దున్న తొమ్మిది గంటలు వేసవిలో మనకి సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. మీ పిల్లలో, తెలిసినవాళ్ల పిల్లలో ఆ యూనివర్సిటీలోనే చదువుతుంటే ఒక శనివారం వెస్ట్ సిమెట్రీకి వెళ్లి మాటూన్ సమాధి రాయి ఫోటో తీసి పంపమనండి. ఎమిలీ డికిన్సన్ సమాధి కూడా అక్కడే, ఆ పేరు చెప్తే దారి చూపించనివాళ్లుండరు.

రాయడం మొదలుపెట్టేటప్పుడు

పుట్టిన తేదీతో మొదలుపెట్టకండి. ఆయన చేతిలో ఉన్న పనితో మొదలుపెట్టండి. నేనైతే మొదటి పేరా ఇలా రాస్తాను:

"ఎబనీజర్ మాటూన్ మసాచుసెట్స్‌లోని ఆమ్హర్స్ట్ ఊళ్లో రైతు. 1796లో హాంప్‌షైర్ కౌంటీకి షెరీఫ్ అయ్యాడు. పదేళ్ల కిందట అప్పుల దావాలు భరించలేక రైతులు కోర్టు మూయించిన కౌంటీ అది. సమన్లు, జప్తులు, జైలు, ఉరి, అన్నీ ఆయన బాధ్యతే. 1806లో డొమినిక్ డేలీ, జేమ్స్ హాలిగన్‌లకి ఉరిశిక్ష అమలు చేసింది ఆయనే. వాళ్లిద్దరూ నిర్దోషులని రాష్ట్ర గవర్నర్ 1984లో ప్రకటించాడు. మధ్యలో 1801 నుంచి 1803 దాకా అమెరికా కాంగ్రెస్ సభ్యుడు."

కాంగ్రెస్ ఆఖరి వాక్యంలోకి వెళ్లిందని గమనించండి. పుట్టుక, చదువు, యుద్ధం రెండో పేరాలో వస్తాయి, తొందర లేదు. రాశాక ప్రింటు తీసుకుని ప్రతి వాక్యం పక్కన అది ఎక్కడ దొరికిందో పెన్సిల్‌తో రాయండి: డైరెక్టరీ, రాజ్యాంగం, జనగణన, జర్నల్, ఉత్తరం. పక్కన ఏమీ రాయలేకపోయిన వాక్యం ఎంత బాగా వచ్చినా కొట్టేయండి. తర్వాత అమెరికా చరిత్ర అసలు తెలియని మనిషికి ఇచ్చి చదివించండి, ఇంట్లో పెద్దవాళ్లయితే మరీ మంచిది. షెరీఫ్ ఏం చేసేవాడో చదివాక వాళ్ల మాటల్లో వాళ్లు చెప్పగలిగితే పంపించేయొచ్చు. చెప్పలేకపోతే ఆ భాగం ఒక్కటే మళ్లీ రాయండి, మిగతాది ముట్టుకోవద్దు.